కట్టె తరుగు, నక్షత్రం తరుగు

బెంగళూరు

ప్రియమైన రామం,

నీ ఉత్తరం అందింది. మండే కట్టె తరిగినట్టే నక్షత్రం కూడా తన వేడివల్లనే తరిగిపోతుందా అని అడిగావు. తరుగుతుంది, కానీ రెండు చోట్లా వికిరణం, అంటే వేడి వస్తువు వెదజల్లే శక్తి, చేసే పని ఒకటి కాదు. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతీ అదే.

ముందు కట్టె మాట చెబుతాను. మా అపార్టుమెంటు కాపలాదారు ఈ చలికి రాత్రిళ్ళు గేటు దగ్గర మంట వేస్తాడు. కాలుతున్న మొద్దును ఒకదాన్ని పక్కకు లాగితే కాసేపటికే దాని ఎరుపు మాసి పొగ మిగులుతుంది; తిరిగి రెండో మొద్దు దగ్గరికి నెడితే రాజుకుంటుంది. మంటగా లేచేది కట్టె కాదు, సుమారు 300 డిగ్రీల దగ్గర అది విచ్ఛిన్నమై వదిలే వాయువులు. అవి ఆగకుండా రావాలంటే వేడి తిరిగి కట్టెకే చేరుతూ ఉండాలి. ఎదురెదురుగా ఉన్న ఎర్రటి ముఖాలు వికిరణ రూపంలో ఆ వేడిని ఒకదానికొకటి అందించుకుంటాయి, ఒంటరి మొద్దు మాత్రం దాన్ని చుట్టూ ఉన్న చలికి ధారపోస్తుంది. మీటరుకు మించి వెడల్పున్న చమురు మంటల్లో, చమురు ఎంత వేగంగా ఆవిరి కావాలో ప్రధానంగా నిర్ణయించేది మసి రేణువులు వెదజల్లే వికిరణమే.

సూర్యుడి విషయంలో వెలుగే బరువును మోసుకుపోతుంది: ఐన్‌స్టీన్ సమీకరణం ప్రకారం సెకనుకు 40 లక్షల టన్నులకు పైగా. ఇంత పోయినా పుట్టింది మొదలు ఈ దారిన పోయింది వెయ్యో వంతు కూడా కాదు. సూర్యుడి నుంచి ఎడతెగక వీచే కణాల ప్రవాహం, సౌరపవనం, కూడా కొంత ద్రవ్యాన్ని తీసుకుపోతుంది గాని, దాన్ని తరిమేది కాంతి కాదు, సూర్యుడి వెలుపలి వాతావరణమైన కరోనా వేడి.

కాంతి నిజంగా ద్రవ్యాన్ని నెట్టేది భారీ నక్షత్రాల్లో. నావోస్‌నే తీసుకో. దాని ఉపరితలం సుమారు 40,000 డిగ్రీలు, సూర్యుడిది 5,800. వికిరణం పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుందని స్టెఫాన్ 1879లో చెప్పిన సూత్రాన్ని పట్టి చూస్తే, అక్కడ ప్రతి చదరపు మీటరూ రెండు వేల రెట్లకు పైగా శక్తిని చిమ్ముతుంది. అందులో ఎక్కువ భాగం అతినీలలోహితం. కార్బన్, నైట్రోజన్, ఇనుము అయాన్లు (ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువులు) తమకు సరిపడే తరంగదైర్ఘ్యాలను మాత్రమే పట్టుకుని, ఆ తోపుకు బయటికి పరుగెడతాయి. వేగం పెరిగేకొద్దీ డాప్లర్ ప్రభావంతో, అంటే కదలిక వల్ల తరంగదైర్ఘ్యం మారడంతో, అవి పట్టుకునే తరంగదైర్ఘ్యం జరిగిపోతుంది, దాంతో కింది పొరలు అడ్డుకోని కొత్త కాంతి వాటికి దొరుకుతుంది, తోపు మళ్ళీ అందుతుంది. ఎంత అందమైన ఏర్పాటో చూడు! 1975లో కాస్టర్, అబట్, క్లైన్ దీన్ని గణితంలో నిలబెట్టారు. ఇలా నక్షత్రం నుంచి వీచే ద్రవ్యపు గాలి సెకనుకు 2,000 కిలోమీటర్లు దాటుతుంది. 10 లక్షల ఏళ్ళలోపే సూర్యుడంత ద్రవ్యం వెళ్ళిపోతుంది.

ఫిబ్రవరి మధ్యలో రాత్రి పది గంటలకు దక్షిణం వైపు తిరిగి నిలబడు. అగస్త్య నక్షత్రానికి ఎడమగా, కాస్త పైన నావోస్ కనిపిస్తుంది. చూశాక తప్పక రాయి.

నీ
శ్రీధర్