ఎత్తు ఒక్కటే చూస్తే ఎలా?

ఎడిటర్ గారికి,

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చూసే మా కావలి కుర్రాళ్లలో ఒకటే గొడవ, వేరే కాలేజీ నుంచి మారి వచ్చిన పొట్టి ఫార్వర్డ్‌ని (బుట్ట దగ్గర ఆడే ఆటగాణ్ణి) మొదటి ఐదుగురిలో దించాలా, బెంచి మీద ఉంచాలా అని. దించాల్సిందే! రికార్డుల్లో ఆరడుగుల ఆరంగుళాలని, అంటే ఫార్వర్డ్‌లలో పొట్టిగానే ఉన్న చార్లెస్ బార్క్‌లీ 1986-87లో మ్యాచ్‌కి సగటున 14.6 రీబౌండ్లతో (బుట్టలో పడక వెనక్కొచ్చిన బంతిని పట్టుకోవడం) అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ మొత్తంలో మొదట నిలిచాడు. బంతి ఎటు పడుతుందో ముందే పసిగట్టి, అవతలివాణ్ణి వీపుతో అడ్డుకుని నిలబడగలిగితే చాలావరకు పనైపోతుంది. ఏడడుగుల సెంటర్ (బుట్ట కింద కాపు కాసే ఆటగాడు) ఎదురైతే ఇబ్బందే, ఒప్పుకుంటాను, అప్పుడు పక్కన పొడుగాటివాణ్ణి పెట్టాలి. 2021 నుంచి మొదటిసారి కాలేజీ మారినవాళ్లు ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు కాబట్టి కొత్త టీముతో కుదురుకోవడానికి దొరికే టైమూ తక్కువే, అదీ నిజమే. మన ఊళ్లలో స్కూలు టీములు ఎంపిక చేసే పీఈటీ సార్లు కూడా పొట్టి పిల్లల్ని ఒకసారి ఆడించి చూడాలి.

- ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా