ఉజ్జీవ సభల్లో సంఘస్థులకు పనేదీ?

సంపాదకుల గారికి,

కోతలు అయిపోగానే మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ క్రైస్తవ సంఘాల ఉజ్జీవ సభల (భక్తిని మళ్లీ రగిలించే కూటాల) పోస్టర్లు గోడలకెక్కుతాయి. మూడు రాత్రుల కూటాలు, ఎల్‌ఈడీ తెరలు, పేరున్న ప్రసంగీకులు. సభలే వద్దని నేను అనను. అక్కడ ప్రార్థన చేయించుకుని తాగుడు మానేసినవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. నా బాధల్లా టెంటు విప్పేసిన మర్నాటి గురించి. సంఘంలో ఎవరి చేతికీ కొత్తగా ఏ పనీ రాదు. చందా ఇచ్చి, కుర్చీలో కూర్చుని, విని వెళ్లడంతో సంఘస్థుడి వంతు అయిపోతోంది. ఏడాది పొడవునా చావుకీ పెళ్లికీ తోడుండే ఊరి పాస్టరు గారికి ఆ మూడు రాత్రులూ వెనక వరసే గతి.

ఇదే నేల మీద ఉజ్జీవం ఇంకోలా నడిచింది. తమిళనాట తిరునెల్వేలి ప్రాంతం నుంచి మా జిల్లాలోని దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్న వి.ఎస్. అజరయ్య గారు, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల కూలీలు. అక్షరం రానివాళ్లే ఎక్కువ. అయినా సువార్త పని అయ్యగార్లదే అని ఆయన వదిలెయ్యలేదు. బాప్తిస్మం పొందినవారి చేత తమ తల మీద చెయ్యి పెట్టించి, "సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" (చెప్పకపోతే నాకు కీడే) అనిపించేవారు. ఏటా సాక్ష్య వారంలో ఆ కూలీలే గుంపులు కట్టి పక్క ఊళ్లకు నడిచి వెళ్లేవారు.

అలాగని గురువులనూ, అంటే అభిషేకం పొందిన పాస్టర్లనూ, పక్కన పెట్టలేదు. 1935 నాటికి ఆ డయోసిస్‌లో (బిషప్ గారి పరిధిలోని సంఘాల్లో) సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా గ్రామ ఉపదేశకులు ఉన్నారు. ఉపదేశకుల భార్యలకూ శిక్షణ ఇచ్చేవారు. ఖర్చుకు ఇళ్లలోంచీ కానుక వచ్చేది. ఎసట్లో పోసే ముందు ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం అది గుడికి చేరేది. రెండు పూటలా పొయ్యి వెలగని ఇళ్లవి. ఆ పిడికెడు విలువ ఎంతో మనకు తెలియదూ!

ఇప్పటి సభలకూ చందా ఇచ్చేది ఎక్కువగా కూలీ కుటుంబాలే. కాబట్టి జమాఖర్చు గుడి తలుపు మీద అంటించాలని అడిగే హక్కు వాళ్లకుంది. వేదికకు పెట్టే డబ్బులో కొంత ఊరి పాస్టర్ల శిక్షణకు, వాళ్ల పిల్లల చదువుకు కేటాయించాలి. రోగుల పరామర్శ, వాడలో పిల్లలకు సాయంత్రం చదువు, తాగుడు మానినవాడి ఇంటికి వారం వారం వెళ్లి రావడం, ఇవన్నీ సంఘస్థులు చెయ్యగలిగినవే.

ఈసారి పోస్టర్లు అచ్చుకు ఇచ్చే ముందే సభల కమిటీలు ఊరి పాస్టర్లనూ, స్త్రీల మైత్రి (సంఘంలోని స్త్రీల సమాజం) వారినీ, యువకులనూ ఒకచోట కూర్చోబెట్టి, నాలుగో రోజు నుంచి ఎవరు ఏ పని అందుకుంటారో తేల్చాలని కోరుతున్నాను.

— ఒక సంఘస్థుడు, మహబూబాబాద్ జిల్లా