వరద సాయంలో పిల్లల మనసుకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక మునిగిపోయిన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు 10 వేలు చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించింది. బియ్యం, పప్పు, నూనె పంచారు. ఫైర్ ఇంజన్లు తెప్పించి బురద కడిగించారు. అవన్నీ కావలసినవే, ఆ రోజుల్లో నీళ్లలో దిగి పనిచేసిన వాళ్లందరికీ చేతులెత్తి దండం పెడతాను. కానీ పిల్లలు పడిన భయం ఎవరి లెక్కలోకీ రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఆ ప్రాంతంలోనే చిన్న తరగతులకు చెప్పే టీచర్ని. బడి తిరిగి తెరిచాక పిల్లలు ఇంటర్వెల్‌లో ఏం ఆడారో చెబుతాను. ఒకడు బెంచీ ఎక్కి హెలికాప్టర్ అవుతాడు. కింద ఉన్నవాళ్లు చేతులు చాచి ‘అన్నా, ఇటు వెయ్యి, పాల ప్యాకెట్ వెయ్యి’ అని అరుస్తారు. ఇంకొందరు అట్టపెట్టెలో కూర్చుని పడవ నడుపుతారు. ‘మా నానమ్మను ఎక్కించుకోండి’ అని ఒక పిల్ల గట్టు మీద నుంచి పిలుస్తుంది. వాళ్లను ఆపమని కొందరు అన్నారు, నేను ఆపలేదు. మనం పెద్దవాళ్లం, జరిగిందాన్ని పది మందికి చెప్పుకుని గుండె బరువు దించుకుంటాం. ఆరేళ్ల పిల్లకు అన్ని మాటలు రావు, అందుకే ఆడి చెబుతుంది. చాలామంది కొన్ని వారాలు అలా ఆడి, తర్వాత మళ్లీ కబడ్డీ, దొంగా పోలీస్ ఆటల్లో పడిపోయారు.

కొందరు మాత్రం అక్కడే ఆగిపోయారు. ఒక పాప బొమ్మను బకెట్ నీళ్లలో ముంచుతుంది, తీస్తుంది, మళ్లీ ముంచుతుంది. ముఖంలో నవ్వు ఉండదు, పక్కవాళ్లను ఆటలోకి రానివ్వదు. మబ్బు పడితే చాలు బ్యాగు సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. ‘ఎందుకమ్మా’ అని అడిగితే తల దించుకుంటుంది. వాళ్ల అమ్మ ‘జడుసుకుంది టీచర్, తాయెత్తు కట్టించాం’ అంది. ఆ తల్లి తనకు తెలిసిన దారి తను వెతుక్కుంది. బడి తరఫున మేం ఇంకో దారి చూపించలేకపోయాం, ఎందుకంటే మా దగ్గర్లో అలాంటిది లేదు.

ఇది మా పిల్లల్లో మాత్రమే కనిపించిన విషయం కాదు. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో స్కూల్ బస్సును అడ్డగించి 26 మంది పిల్లల్ని ఎత్తుకెళ్లి, భూమిలో పాతిన వ్యానులో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ పిల్లల్ని తర్వాత ఏళ్ల తరబడి గమనించిన లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు, కొందరు జరిగిందాన్నే మళ్లీ మళ్లీ ఆడతారని, ఆ ఆటలో సంతోషం ఉండదని, ఎన్నిసార్లు ఆడినా భయం తగ్గదని చెప్పారు. కాబట్టి ‘పిల్లలే కదా, ఆడుకుంటే అదే పోతుంది’ అనే మాట అందరి విషయంలోనూ నిజం కాదు. ఆట అలా ఒకచోట ఇరుక్కుపోయినప్పుడు పక్కన పిల్లల మనసు తెలిసిన, శిక్షణ పొందిన మనిషి కావాలి.

ప్లే థెరపీ, అంటే ఆట ద్వారా పిల్లల మనసుకు చేసే చికిత్స, అలాంటి మనిషి చేసే పని. ‘ఆడించడానికి కూడా డబ్బులిచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్లాలా’ అని తల్లిదండ్రులు అడుగుతుంటారు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. వారం వారం అదే గది, అదే సమయం, అదే మనిషి. గదిలో ఇసుక ట్రే, మట్టి, రంగులు, ఇంట్లో మనుషుల్లాంటి బొమ్మలు, డాక్టర్ సెట్టు, పోలీస్ జీపు, లక్కపిడతలు ఉంటాయి. మన కొండపల్లి బొమ్మలు కూడా ఇందుకు చక్కగా పనికొస్తాయి. ఏం ఆడాలో పిల్లే నిర్ణయిస్తుంది. థెరపిస్ట్ ప్రశ్నలతో గుచ్చరు, ఇలా ఆడమని చెప్పరు. ‘బొమ్మ మళ్లీ నీళ్లలో పడింది, దానికి చాలా భయంగా ఉంది’ అని, చూసింది చూసినట్టు పిల్లకు వినిపించేలా అంటారు. తనను ఎవరో అర్థం చేసుకుంటున్నారని పిల్లకు తెలుస్తుంది. తనను గానీ ఎదుటివాళ్లను గానీ కొట్టకూడదు లాంటి కొద్దిపాటి హద్దులు తప్ప మిగతాదంతా పిల్ల ఇష్టం. భయం మరీ ఎక్కువగా ఉండి ఆట ఇరుక్కుపోతే థెరపిస్టే ఒక పడవ బొమ్మనో, చెయ్యందించే మనిషినో ఆటలోకి తెస్తారు. తల్లిదండ్రులతో విడిగా కూర్చుని ఇంట్లో ఎలా మసలుకోవాలో చెబుతారు. బొమ్మలు ఎవరైనా కొనగలరు. ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నది నేర్చుకోవడానికే శిక్షణ కావాలి.

ఇప్పుడు ఉన్న ఏర్పాట్ల సంగతి. మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్, నంబరు 14416, మంచి సేవ. పెద్దవాళ్లు టెన్షన్ భరించలేక ఫోన్ చేస్తే సాయం దొరుకుతుంది. కానీ తల దించుకుని నిలబడే ఆరేళ్ల పాప ఫోన్లో ఏం చెబుతుంది? ఇక 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి సాయం చేసే డీఈఐసీ కేంద్రాలు ఉండాలి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల కోసం ఉద్దేశించిన పథకం అది, ఆ కేంద్రాల సిబ్బందిలో సైకాలజిస్ట్ కూడా ఉండాలని మార్గదర్శకాల్లోనే ఉంది. అక్కడికి మాటలు రాని పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు వస్తారు, వాళ్లకు ఆ సేవ ఎంతో అవసరం. అయితే వరదకు జడుసుకున్న పిల్లను అక్కడికి పంపవచ్చని ఎవరికీ తోచదు. ఇదే పథకం కింద వైద్య బృందాలు బడులకు ఏడాదికోసారి, అంగన్‌వాడీలకు రెండుసార్లు వచ్చి కళ్లు, పళ్లు, బరువు చూడాలి. వాళ్లు నింపే కాగితంలోనే నిద్ర గురించి, భయం గురించి, ఆట గురించి రెండు మూడు ప్రశ్నలు చేర్చి టీచర్‌ను అడిగితే సరిపోతుంది. కొత్త పథకమే అక్కర్లేదు.

ప్రైవేటుగా నగరంలో ప్లే థెరపీ బోర్డులు కనిపిస్తున్నాయి. వాటిలో మనసు పెట్టి పనిచేసేవాళ్లు ఉంటారు. కానీ ఆ పేరుతో బోర్డు పెట్టడానికి మన దేశంలో ప్రత్యేకంగా లైసెన్సు అంటూ లేదు. సెషన్‌కు ఇంత అని వారం వారం కట్టడం మా బడి పిల్లల ఇళ్లలో అయ్యే పని కాదు. కట్టగలిగినవాళ్లకైనా ఎదురుగా కూర్చున్నవారు ఎక్కడ, ఏం నేర్చుకున్నారో తెలియాలి కదా. వైద్య ఆరోగ్య శాఖ కనీసం వాళ్ల అర్హతలను గోడ మీద రాసి పెట్టించాలి.

అన్నిటికన్నా ముందు చేయవలసింది ఒకటుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి. పడవలు, పునరావాస కేంద్రాలు, తాగునీరు, మందులతో పాటు పిల్లల ఆట గది, అందులో కూర్చునే శిక్షణ పొందిన మనుషుల పేర్లు కూడా ఆ ప్రణాళికలో ఉండాలి. వరద వచ్చాక వెతికితే దొరకరు. ప్రతి మండలంలో కొందరు టీచర్లకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు ముందుగానే శిక్షణ ఇస్తే, ఏ పిల్ల దానంతటదే తేరుకుంటుందో, ఏ పిల్లను సైకాలజిస్ట్ దగ్గరికి పంపాలో వాళ్లు గుర్తుపట్టగలరు. ఇది విజయవాడకే కాదు, ఏటా గోదావరి పొంగే లంకలకూ భద్రాచలానికీ, తుపాన్లు కొట్టే తీరం ఊళ్లకూ అవసరం.

జిల్లా అధికారులు వచ్చే వానాకాలంలోగా ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను. మా బడిలో పై అంతస్తులో ఒక గది ఖాళీగా ఉంది. ఇసుక, మట్టి, బొమ్మలు మేం, పిల్లల తల్లిదండ్రులు కలిసి తెచ్చుకుంటాం. వారానికి ఒక్క పూటైనా శిక్షణ ఉన్న మనిషిని పంపండి.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, సింగ్‌నగర్, విజయవాడ