ఘనాలో స్పీకర్ కుర్చీ ఎక్కితే ఎంపీ సీటు పోతుంది

సంపాదకులకు,

ఘనా పార్లమెంటు స్పీకర్ ఆల్బన్ బాగ్బిన్ గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం బాగుంది. అయితే ఆయన స్పీకర్‌గా ఉంటూనే తన నియోజకవర్గానికి ఎంపీగా కొనసాగుతున్నారని రాయడం పొరపాటు. ఆ దేశపు 1992 రాజ్యాంగంలో 97వ అధికరణం ప్రకారం ఎంపీ ఎవరైనా స్పీకర్‌గా ఎన్నికైతే సీటు ఖాళీ అయినట్టే. ఎంపీ కానివాళ్లనూ, పోటీకి అర్హత ఉంటే చాలు, ఆ కుర్చీలో కూర్చోబెట్టవచ్చు. మా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు గ్రూప్స్‌కు చదివే పిల్లలు మీ ఎడిట్ పేజీ కత్తిరించి దాచుకుంటారు కాబట్టి ఈ సవరణ అవసరమైంది.

బాగ్బిన్ స్వయంగా న్యాయవాది, ఉత్తరాన అప్పర్ వెస్ట్ ప్రాంతం వారు. 1993 జనవరి 7న నాలుగో రిపబ్లిక్ మొదలైన నాటినుంచి 2021 దాకా, ఏడు విడతలు, 28 ఏళ్లు నాదోలి ప్రాంతం ఎంపీ. మైనారిటీ నాయకుడు, మెజారిటీ నాయకుడు, నీటివనరుల మంత్రి, ఆరోగ్య మంత్రి, రెండో డిప్యూటీ స్పీకర్... చేయని పదవి లేదు. మంత్రుల్లో ఎక్కువమంది ఎంపీలే కావాలని 78వ అధికరణం చెబుతుంది గనుక అక్కడ సభ నుంచి మంత్రి కావడం మామూలే. 2019లో తన పార్టీ ఎన్‌డీసీ (నేషనల్ డెమోక్రటిక్ కాంగ్రెస్) తరఫున దేశాధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడి, అదే పార్టీకి చెందిన జాన్ మహామా చేతిలో ఓడారు. 2020 ఎన్నికల్లో ఎంపీగా నిలబడనే లేదు. 2021 జనవరి 7న స్పీకర్ అయ్యేనాటికి ఆయన ఎంపీయే కాదు.

ఆ ఎన్నిక జరిగిన తీరు చూస్తే మన శాసనసభలే నయమనిపిస్తుంది. 275 మంది సభలో అప్పటి అధికారపక్షం ఎన్‌పీపీ (న్యూ పేట్రియాటిక్ పార్టీ)కి 137, ఎన్‌డీసీకి 137, స్వతంత్రుడు ఒక్కడు. రహస్య ఓటింగు నడుస్తుండగా ఒక సభ్యుడు బ్యాలెట్ పత్రాలు లాక్కుని పారిపోబోయాడు. సైనికులు సభలోకి వచ్చారు.

ఇంత పెనుగులాడి దక్కించుకున్న కుర్చీకి ఓటు హక్కు లేదు. 104వ అధికరణం సభ్యులందరిలా వేసే మొదటి ఓటునూ, ఓట్లు సమానమైనప్పుడు వేసే నిర్ణాయక ఓటునూ రెండింటినీ నిరాకరించింది. ఓట్లు సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే. మన 100, 189 అధికరణాల్లో సభాధ్యక్షుడికి నిర్ణాయక ఓటు ఉంది. పరీక్షల్లో పిల్లలు ఈ రెండింటినీ కలగలిపేస్తున్నారు. డిప్యూటీ స్పీకర్ల సంగతి వేరు, వాళ్లు ఎంపీలుగానే ఉంటారు. 2021 నవంబర్ 26న అధికారపక్షం వాకౌట్ చేసినప్పుడు బడ్జెట్ తిరస్కారానికి గురైందని బాగ్బిన్ ప్రకటించారు. 30వ తేదీన ఆయన లేనప్పుడు మొదటి డిప్యూటీ స్పీకర్ అధ్యక్షత వహించి, తననూ లెక్కలో కలుపుకుని, 275లో సగం దాటేలా 138 చేసి, ఆ ప్రకటనను రద్దు చేసి బడ్జెట్ నెగ్గించారు. అలా కలుపుకోవడం చెల్లుతుందని 2022 మార్చి 9న సుప్రీంకోర్టు తేల్చింది.

అసలు ముడి ఫిరాయింపుల దగ్గర పడింది. అషాంటి ప్రాంతంలోని ఫోమెనా ఎంపీ 2020లో పార్టీ విడిచి స్వతంత్రుడిగా నామినేషన్ వేస్తే, అప్పటి స్పీకర్ ఓక్వాయే ఆ సీటు ఖాళీ అని ప్రకటించారు. ఆ ఎంపీయే స్వతంత్రుడిగా గెలిచి వచ్చి, 2024లో ఎన్‌పీపీ టికెట్‌పై నామినేషన్ వేశారు. ఇంకో ముగ్గురు తమ పార్టీలు విడిచి స్వతంత్రులుగా వేశారు. అక్టోబర్ 17న బాగ్బిన్ పాత పూర్వోదాహరణే పట్టుకుని నాలుగు సీట్లూ ఖాళీ అన్నారు. లెక్క ఎన్‌డీసీ 136, ఎన్‌పీపీ 135కు తిరగబడింది. నవంబర్ 12న సుప్రీంకోర్టు 5-2తో దాన్ని కొట్టేసింది. నడుస్తున్న సభలో పార్టీ గుర్తింపు మార్చుకుంటేనే సీటు పోతుంది, రాబోయే సభకు వేరే టికెట్ తెచ్చుకుంటే కాదు అన్నది తీర్పు సారం. పైగా సీటు ఖాళీ అయిందా లేదా అన్న వివాదాన్ని విచారించే అధికారం 99వ అధికరణం హైకోర్టుకే ఇచ్చింది.

ఫిరాయింపులను నిరోధించే మన రాజ్యాంగం పదో షెడ్యూలులో ఆ తీర్పరి స్పీకరే. పార్టీకి రాజీనామా చేసే వెసులుబాటు స్పీకర్‌కు అందులోనే ఉన్నా వాడుకునేవాళ్లు కనబడరు. ఆ షెడ్యూలు పుట్టకముందే, 1967లో లోక్‌సభ స్పీకర్ అయ్యాక నీలం సంజీవరెడ్డి ఆ పని చేశారు. విలీనం మీదా ఘనా నిబంధన బిగువైనది. జాతీయస్థాయిలో, పార్టీల నియమావళి ప్రకారం పార్టీలే కలిసిపోవాలి. శాసనసభ్యుల్లో మూడింట రెండొంతులు సంతకం పెడితే చాలదు. ఆ తేడా ఎంతటిదో ఉమ్మడి నల్లగొండవాళ్లకు వేరే చెప్పాలా? 2019 జూన్‌లో హుజూర్‌నగర్ ఎమ్మెల్యే నల్లగొండ ఎంపీగా గెలిచి రాజీనామా చేశారు. కాంగ్రెస్ సంఖ్య 19 నుంచి 18కి దిగింది. మర్నాడే 12 మంది సరిగ్గా మూడింట రెండొంతులై టీఆర్ఎస్‌లో విలీనం కోరారు, అది చెల్లింది. మరోవైపు, జైపాల్‌రెడ్డి 1998లో జనతాదళ్ తరఫున మహబూబ్‌నగర్ నుంచి, 1999లో కాంగ్రెస్ తరఫున మిర్యాలగూడ నుంచి గెలిచారు. మధ్యలో సభ రద్దయి, కొత్త ఎన్నికలు జరిగాయి. దాన్ని ఫిరాయింపుల జాబితాలో వేయడం తప్పని మేం తరగతిలో పదేపదే చెప్పాల్సి వస్తోంది.

స్పీకర్ సీటు వదులుకున్నంత మాత్రాన పక్షపాతం పోదని మీ వ్యాసకర్త చేసిన వాదనతో మాకు పేచీ లేదు. 136, 135 లెక్కే దానికి సాక్ష్యం, ఆ లెక్కతో లాభపడింది స్పీకర్ పాత పార్టీ ఎన్‌డీసీయే. వివాదం కోర్టుకు వెళ్లే దారి మాత్రం అక్కడ మొదటినుంచీ తెరిచే ఉంది. మన దగ్గర ముందు స్పీకర్ తీర్పు చెప్పాలి, ఆ తర్వాతే న్యాయసమీక్ష.

మరొక చిన్న సవరణ: సభ్యుల సంఖ్య 275 అన్నది 2024 డిసెంబర్ దాకానే. గ్వాన్ నియోజకవర్గం చేరాక అది 276.

— రాజనీతిశాస్త్ర అధ్యాపకులు, నల్లగొండ