పేరు వద్దన్న నర్సమ్మ గారికి

గుంటూరు పక్క పల్లెల్లో గర్భిణులను చూసుకునే మీకు పేరు రాస్తే నచ్చదు. అందుకే ఊరంతా పిలిచినట్టే నర్సమ్మ గారూ అంటున్నాం.

మూడో నెలలో గర్భిణి కార్డు రాసిన మనిషే బాలింత గుమ్మం దాకా రావడం వల్ల ఏం ఒరుగుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. బీపీ 130/84 చూసి కొత్తవాళ్లు బాగానే ఉందంటారు. మొదట్లో 100/64 ఉండేదని గుర్తున్న మీరు, హైబీపీగా లెక్కేసే 140/90 దాకా ఆగరు. వారంలోపే మళ్లీ కొలిచి, మూత్రంలో ప్రొటీన్ చూస్తారు. కొలిచే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, జాకెట్ చెయ్యి పైకి జరిపి పట్టీ చుడతారు. తొందరలో మేం ఎగ్గొట్టేది సరిగ్గా అదే!

హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే ఐరన్ మాత్రలిచ్చి ఊరుకోరు, స్ట్రిప్పు తెప్పించి మిగిలినవి లెక్కపెడతారు. టీతో మింగితే ఒంటికి పట్టవు. కాల్షియం మాత్రకూ ఐరన్ మాత్రకూ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. విరేచనం నల్లగా అవుతోందని భయపడి మానేసేవాళ్లుంటారు. అది మామూలేనని అడక్కముందే చెబుతారు, అదీ అత్తగారి ఎదుటే.

కాన్పయ్యాక పొట్ట తడిమి గర్భసంచి గట్టిపడిందో లేదో చూస్తారు. గంట తిరక్కముందే ప్యాడ్ నిండా తడిస్తే 108కి ఫోన్ చేయమని ఇంట్లోవాళ్ల చేత తిరిగి చెప్పిస్తారు. పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్లు కట్టేసేవాళ్ల మీద మీ కోపమంటే మాకు భలే ఇష్టం.

మిర్చి కోతలప్పుడు కూలికెళ్లిన గర్భిణుల కోసం చేను గట్టుకే బీపీ మిషను మోసుకెళ్లినందుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

— మీతో పనిచేసేవాళ్లం