టోకుకు మీటరు, చిల్లరకు గుత్తా?

సంపాదకుల గారికి,

పల్లెకు ఫైబర్ అనగానే అందరూ అడిగేది ‘నెలకెంత?’ అని. ఆ లైను ఊళ్లో ఆపరేటర్‌కు ఏ లెక్కన పడుతుందో అడిగేవాళ్లు తక్కువ. మెలికంతా అక్కడే ఉంది.

డయలప్ రోజుల్లో లోకల్ కాల్‌కు మూడు నిమిషాలకో పల్స్, అంటే బిల్లులో ఒక యూనిట్. గంటసేపు నెట్ పెడితే 20 పల్స్‌లు. బ్రిటన్‌లోనూ నిమిషాల మీటరే. అక్కడ అపరిమిత నెట్ ఇస్తామని 2000 మార్చిలో చాటిన ఆల్టావిస్టా అనే నెట్ కంపెనీ ఆగస్టుకల్లా చేతులెత్తేసింది. చందాదారు దగ్గర ఎంత వాడినా ఒకే మొత్తమని గుత్తగా తీసుకుని, అక్కడి పెద్ద ఫోన్ కంపెనీ బీటీకి నిమిషాల లెక్కన కట్టాల్సి వస్తే, ఎంత వాడితే అంత నష్టం మరి.

అదే ఏడాది మే నెలలోనే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌టెల్, టోకు ధరను నిమిషానికి కాక సర్క్యూట్‌కు లెక్కగట్టమని బీటీని ఆదేశించింది. దాన్ని ఫ్రియాకో అన్నారు. పూర్తి పేరు చాంతాడంత, వదిలేద్దాం. 64 కిలోబిట్ల దారి ఒక్కోదానికి ఏడాదికి ఇంత. నిండినా, ఖాళీగా ఉన్నా అంతే. ఈ1 అనే ఒక టెలికాం లైనులో అలాంటివి 30. పదిమందికొకటి చొప్పున 300 మందిని చేర్చుకోవచ్చు గానీ, ఒకే వేళ 31వ వాడు డయల్ చేస్తే బిజీ టోనే.

అయితే అది లోకల్ ఎక్స్‌చేంజ్ దగ్గరి మాట. ప్రతి ఎక్స్‌చేంజ్‌కూ సొంత లైను లాక్కోవడం అందరి వల్లా కాదు. లోకల్ ఎక్స్‌చేంజ్‌లను కలిపే పై మెట్టయిన టాండెం ఎక్స్‌చేంజ్ దగ్గర కూడా అలాగే ఇవ్వమని 2001 ఫిబ్రవరిలో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది.

మనం చూసుకోవాల్సిందీ ఆ రెండో మెట్టే. మండల కేంద్రం ఏటూరునాగారం దాకా ప్రభుత్వ ఫైబర్ ఉన్నా, అక్కడి నుంచి జిల్లా కేంద్రం ములుగుకు దారి విడిగా కొనాల్సి వస్తే ఆపరేటర్ పొదుపు చేసేది అక్కడే. 500 ఇళ్లకు 50 ఎంబీపీఎస్ ప్లాన్ అమ్మి, వెనక ఒక్క గిగాబిట్ తెస్తే, రాత్రి అందరూ ఒకేసారి లాగినప్పుడు ఇంటికి వచ్చేది 2 ఎంబీపీఎస్. రూటర్ మార్చినా లాభం లేదు. ఆపరేటర్ దగ్గర ట్రాఫిక్ గ్రాఫ్ అడిగి చూడండి: గుట్టలా లేవాల్సిన గీత రాత్రి 8 నుంచి 11 దాకా అరుగులా చదునుగా ఉంటే లైను నిండిపోయినట్టే.

కాబట్టి మండలం నుంచి జిల్లా కేంద్రానికి ధరను కనెక్షన్‌కో, జీబీకో కాకుండా ఏడాదికి ఇన్ని ఎంబీపీఎస్‌కు ఇంత అని ప్రకటించాలి. 100 ఎంబీపీఎస్ ముక్కల్లోనూ అమ్మాలి. గిగాబిట్‌కు తక్కువైతే ఇవ్వబోమంటే, నలభై కనెక్షన్ల ఆపరేటర్ మళ్లీ పెద్ద కంపెనీ గుమ్మం ముందు నిలబడాల్సిందే.

– ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్, హనుమకొండ