చిన్నికి, వయోలా పార్టుల గురించి

చిరంజీవి చిన్నికి అమ్మ అనేక ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం.

మేమందరం కులాసాగా ఉన్నాము. మీ ఆర్కెస్ట్రా ఈ సీజన్‌లో చేయబోయే కచేరీల పత్రిక నాకు అందింది. నువ్వే పంపుతావని ఎదురుచూశాను, చివరికి బాబాయి పంపించాడు. పంపుతూ ఇంకో మాట కూడా అన్నాడు. ఆ సంగతి తరువాత రాస్తాను, అదేమంత ముఖ్యమైనది కాదు. ముందు కార్యక్రమం గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే ఒక కచేరీ పత్రికను చివరి పేరు దాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చి చదవడం నాకు ఈమధ్య ఎప్పుడూ జరగలేదు.

మొదటి కచేరీలో సాన్-జార్జ్ సింఫనీని, హైడెన్ 85వ సింఫనీని పక్కపక్కన పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ చాలా బాగుంది. నీదే అయి ఉంటుందని నా అనుమానం. సాన్-జార్జ్ 1745లో గ్వాడలూప్ ద్వీపంలో, బానిసగా ఉన్న తల్లి కడుపున పుట్టాడు. ప్యారిస్ చేరి కత్తియుద్ధంలోనూ వయొలిన్‌లోనూ ఒకేసారి పేరు తెచ్చుకున్నాడు. ఈ 85వది కలుపుకుని హైడెన్ చేత ఆరు ప్యారిస్ సింఫనీలు రాయించుకున్నది సాన్-జార్జ్ నాయకత్వంలో ఉన్న ఆర్కెస్ట్రాయే. ఆ ఆరూ ఇవాళ్టికీ లోకమంతా వాయిస్తోంది, సాన్-జార్జ్ సొంత రచనలు మాత్రం రెండు శతాబ్దాల పాటు బీరువాల్లో ఉండిపోయాయి. 1776లో ప్యారిస్ ఒపేరాకు అధిపతిగా ఆయన పేరు వినిపించినప్పుడు, అక్కడి గాయనీమణులు కొందరు ఇలాంటి పుట్టుక ఉన్నవాడి ఆజ్ఞలకు తాము లోబడలేమని రాణికి విన్నవించుకున్నారు. పదవి రాలేదు. అయినా ఆయన వయొలిన్‌ను పెట్టెలో పెట్టి మూత వేయలేదన్న సంగతి గమనించు. నిన్ను ఉద్దేశించి అంటున్నానని అనుకోకు, చరిత్ర చెబుతున్నానంతే.

ఆ సింఫనీకి తంత్రీవాద్యాలు కాక రెండు ఓబోలు, రెండు హార్న్‌లు ఉంటే చాలు. అందువల్ల చిన్న ఆర్కెస్ట్రాలకు అది అనువైన రచన అంటారు. నేను ఒప్పుకోను. ట్రంపెట్లూ ట్రాంబోన్లూ లేనిచోట దాక్కోవడానికి ఎవరికీ చోటుండదు, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా మీద మధ్య స్వరాలు వాయించే మీవాళ్ళకు అసలే ఉండదు. ఇంతకూ మీ వయోలా వరుసలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? నిన్ను కలుపుకునే అడుగుతున్నాను.

రెండో కచేరీ చూసి మాత్రం కాస్త భయం వేసింది. ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ, ఫ్లోరెన్స్ ప్రైస్ మొదటి సింఫనీ ఒకే రాత్రి వాయిస్తే ట్రంపెట్, హార్న్ వాయించేవాళ్ళ పెదవులు ఏమవుతాయో కార్యక్రమం నిర్ణయించినవాళ్ళు ఆలోచించారా? వాళ్ళకు మధ్యలో విరామం ఎక్కువ ఇవ్వమని చెప్పు. ఆ జత మాత్రం సరిగ్గా కుదిరింది. రెండూ ఇ మైనర్ అనే ఒకే స్వరస్థాయిలో ఉన్నవే. అమెరికా స్వరకర్తలు తమ సంగీతాన్ని నల్లజాతివారి పాటల్లో వెతుక్కోవాలని చెక్ దేశస్థుడైన ద్వోర్జాక్ 1893లో న్యూయార్క్‌లో ఉంటూ అన్నాడు. అప్పటికి ప్రైస్ లిటిల్ రాక్‌లో ఆరేళ్ళ పిల్ల. నలభై ఏళ్ళ తరువాత, 1933 జూన్ 15న, ఫ్రెడరిక్ స్టాక్ నిర్వహణలో షికాగో సింఫనీ ఆమె సింఫనీని వాయించింది. నల్లజాతి స్త్రీ రాసిన సింఫనీని అమెరికాలోని ఒక పెద్ద ఆర్కెస్ట్రా వాయించడం అదే మొదటిసారి. మూడో భాగానికి ఆమె జూబా అని పేరు పెట్టింది. బానిసలుగా ఉన్నవాళ్ళు డోలు దగ్గర లేక చేతులతో, కాళ్ళతో, తొడల మీద చరుచుకుంటూ ఆడిన ఆట అది. ఆ భాగంలో వయోలాలు లయ తప్పితే ఆటంతా కుంటినడక అవుతుంది. ఆమె పోయింది 1953లో. 2009లో ఇల్లినాయ్‌లోని సెయింట్ ఆన్ అనే ఊళ్ళో, పాడుబడిన ఒక ఇంటిని బాగుచేసుకోబోయినవాళ్ళకు పెట్టెల కొద్దీ ఆమె రాతప్రతులు దొరికాయి. వయొలిన్ కాన్సెర్టోలు అందులోనే ఉన్నాయి. ఇల్లు ఇంకొన్ని వానలకు కూలిపోయి ఉంటే అవి మట్టిలో కలిసిపోయేవి.

ఇలాంటి స్వరకర్తలను కచేరీ మొదట్లో పది నిమిషాల ముక్కకు పరిమితం చేసి, జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటుండగానే ముగించి, ఆ తరువాత అందరికీ తెలిసిన పెద్ద సింఫనీతో రాత్రిని నింపుకోవడం చాలాచోట్ల జరుగుతోంది. మీరు ఆ దారిన పోలేదు. ప్రైస్‌కు మొత్తం సింఫనీ ఇచ్చారు, చివరి కచేరీలో లూయీజ్ ఫారాంక్‌కు కూడా అలాగే ఇచ్చారు. దీనికోసం సమావేశంలో గట్టిగా మాట్లాడినది నువ్వేనని విన్నాను. ఆ తరువాత ఎవరో, పేరు తెలియని వాళ్ళ సంగీతం వినడానికి టిక్కెట్టు కొని ఎవరు వస్తారని వెటకారం చేశారనీ, అప్పటినుంచి నువ్వు రిహార్సల్‌కు సరిగా వెళ్ళడం లేదనీ, మానేసే ఆలోచనలో కూడా ఉన్నావనీ బాబాయి అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మలేదు కాబట్టే నిన్ను అడగడం లేదు.

అయితే ఎవరికైనా చెప్పే మాట ఒకటి చెబుతాను. వాయించినా వాయించకపోయినా వారానికి రెండుసార్లయినా పెట్టె తెరవాలి. చీకట్లో మూసి ఉంచిన పెట్టెలో బో, అంటే కమాను, వెంట్రుకలను పురుగులు కొరుకుతాయి. అక్కయ్య బో అలాగే పాడయింది, ఆ గొడవ నీకు గుర్తుండే ఉంటుంది. పెట్టేటప్పుడు బో మరను వదులు చెయ్యి. గది బాగా ఎండినట్లుంటే బిరడాలు జారతాయి, బలవంతంగా తిప్పకు. ఎడమ భుజం నొప్పి తగ్గిందా? గడ్డం కింద ఆనుడు పలకను మార్పించుకోమని ఎప్పటినుంచో చెబుతున్నాను.

చివరి కచేరీకి వస్తాను. లిలీ బూలాంజే వసంతపు ఉదయం గురించి రాసిన చిన్న రచన ఐదు నిమిషాల్లో అయిపోతుంది, కానీ సాధన అలా అయిపోదు. మెక్సికో స్వరకర్త మార్కెస్ రాసిన నృత్యసంగీతం, రెండో దాన్సోన్‌ను జనం మళ్ళీ వాయించమంటారు, సందేహం లేదు. దాని మొదటి పాట క్లారినెట్‌దే కనుక నేను పక్షపాతంతో మాట్లాడుతున్నానని నాన్నగారు అంటున్నారు. ఇక లూయీజ్ ఫారాంక్ మూడో సింఫనీ. దాని గురించి నీకు ఒకటి చెప్పాలి. ఇదివరకు కొంత చెప్పి ఉంటాను, పూర్తిగా చెప్పలేదు.

నువ్వు బడికి కొత్తగా వెళుతున్న రోజుల్లో మా ఆర్కెస్ట్రా ఆ సింఫనీని తలకెత్తుకుంది. ఫారాంక్ 1842లో ప్యారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో పియానో ఆచార్యురాలయింది, మగవారికంటే తక్కువ జీతం ఇస్తుంటే ఏళ్ళ తరబడి సహించి, 1850లో తన నోనెట్ (తొమ్మిది వాద్యాల రచన) విజయవంతమయ్యాక సమాన జీతం పట్టుబట్టి సాధించుకుంది. ఆ కథ విని మా వాళ్ళందరికీ ఉత్సాహం వచ్చింది. 1849లో ఆ సింఫనీని ప్యారిస్‌లో వాయించినప్పుడు అదే కచేరీలో బీతోవెన్ ఐదవ సింఫనీ కూడా ఉంది కనుక, మేమూ ఆ రెండింటినే పెట్టుకున్నాము. పార్టులు, అంటే ఒక్కొక్క వాద్యానికి విడిగా రాసిన కాగితాలు, వచ్చాయి, పంచుకున్నాము, పెన్సిల్ గుర్తులు పెట్టుకున్నాము. ఆ తరువాత వయోలావాళ్ళు ఒక్కొక్కరే జారుకోవడం మొదలుపెట్టారు. ఒకరికి బదిలీ, ఒకరికి పరీక్షలు, ఒకరికి కండక్టర్ మీద కోపం. పెద్దమామయ్య చెల్లోల మొదటి స్టాండు దగ్గర కూర్చుని ప్రతి రిహార్సల్‌కూ ఆ వరుస వైపు చూసి లెక్కపెట్టేవాడు. కచేరీ రోజుకు ఒక్క స్టాండు, దాని ముందు ఇద్దరు మిగిలారు. వాళ్ళిద్దరూ మంచివాళ్ళే, కష్టపడ్డారు, కానీ పేజీ తిప్పే సమయానికి లోపలివైపు కూర్చున్నామె బో దించాలి కదా, అప్పుడు ఆ వరుస మొత్తంలో ఒకే ఒక్క వయోలా మోగేది. రెండో భాగంలో నా క్లారినెట్ పాట నేను వాయిస్తుంటే కింద నేల లేనట్టు అనిపించింది. వయొలిన్లు పైన ఎక్కడో, బేసులు కింద ఎక్కడో, మధ్యలో ఖాళీ.

విరామంలో ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, మర్యాదగానే, ఆవిడ సంగీతం ఎందుకు మరుగునపడిందో ఇప్పుడు అర్థమైందండీ, పైన రాగం ఉంది గానీ లోపల సరుకు లేదు అన్నాడు. లోపలి సరుకు వాయించవలసినవాళ్ళు రాలేదు అనే అవకాశం నాకు ఇవ్వకుండా వెళ్ళిపోయాడు. విరామం తరువాత బీతోవెన్ వాయించాము. ఆ సింఫనీ రెండో భాగం మొదలయ్యేదే వయోలాలూ చెల్లోలూ కలిసి వాయించే పాటతో. అదే ఇద్దరు వాయించారు, అంతే పలచగా. ఒక్కరు కూడా లోటు ఉందని అనలేదు. ఆ పాట అందరి చెవుల్లోనూ ముందే ఉంది, మేము వాయించనిది కూడా వాళ్ళు విన్నారు. ఫారాంక్‌కు ఆ అప్పు ఎవరూ ఇవ్వలేదు. తెలిసిన రచనను పాడుచేస్తే ఆర్కెస్ట్రాను తిడతారు, తెలియని రచనను పాడుచేస్తే రాసినవాళ్ళను తిడతారు. నాన్నగారు ఈ మాటను నేను పదేపదే అంటానంటారు. అంటాను, అందులో తప్పేముంది?

రష్యా స్వరకర్త రష్మానినోవ్ అంతటివాడికే ఇది తప్పలేదు. 1897లో పీటర్స్‌బర్గ్‌లో కండక్టర్ గ్లజునోవ్ చేతుల్లో, చాలీచాలని రిహార్సల్‌తో ఆయన మొదటి సింఫనీ కుప్పకూలింది. దెబ్బలన్నీ స్వరకర్తకే తగిలాయి. మూడేళ్ళ పాటు ఆయన దాదాపు ఏమీ రాయలేకపోయాడు. అన్ని వాద్యాల స్వరాలూ కలిపి రాసిన ప్రతి, అంటే స్కోరు, కూడా పోయింది. ఆయన 1943లో పోయాక లెనిన్‌గ్రాడ్ కన్సర్వేటరీ గ్రంథాలయంలో ఆర్కెస్ట్రా పార్టులు బయటపడితే, ఒక్కొక్క వాద్యం కాగితాలనూ పక్కపక్కన పేర్చి స్కోరును తిరిగి కట్టి, 1945లో మాస్కోలో మళ్ళీ వాయించారు. ఆ పార్టుల్లో వయోలా కాగితాలు లేకపోతే ఏం చేసేవారో ఆలోచించు.

నీకు ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను. వెటకారం చేసినవాళ్ళ మీద నీకు కోపం రావడం సహజం, నాకూ వచ్చింది. కానీ నువ్వు మానేస్తే వాళ్ళకు కలిగే నష్టం ఏమీ లేదు, ఫారాంక్‌కూ ప్రైస్‌కూ ఉంది. సమావేశంలో వాళ్ళ పేర్లు పత్రిక మీదికి ఎక్కించినదానివి నువ్వు, ఆ పేర్లను అక్కడ వదిలేసి రాలేవు. కమిటీలో ఉండడం ఇష్టం లేకపోతే కమిటీ మానెయ్యి, ఎవరూ తప్పుపట్టరు. వరుస మాత్రం మానకు. లేక ఈ సంగతులేవీ నిజం కాకపోతే, బాబాయి ఎప్పటిలాగే సగం విని మొత్తం చెప్పి ఉంటే, ఈ పేరా దాటేసి తక్కినది చదువుకో.

ప్రైస్ సింఫనీ పార్టులు అద్దెకు తెచ్చుకున్నవే అయి ఉంటాయి. ఆమె రచనల హక్కులు 2018 నుంచి షిర్మర్ అనే సంగీత ప్రచురణ సంస్థ దగ్గర ఉన్నాయి. అద్దె పార్టులు కచేరీకి దగ్గరపడ్డాక గానీ చేతికి రావు కాబట్టి, వచ్చిన రోజే నీ పార్టుకు నకలు తీసుకోవచ్చో లేదో గ్రంథపాలకులను అడుగు, అడగకుండా తీయకు. గుర్తులు మెత్తని పెన్సిల్‌తో తేలికగా పెట్టు, తిరిగి ఇచ్చే ముందు తుడవాలి. పేజీ తిప్పడం కష్టంగా ఉన్నచోట మూల మడవకు, పక్కవారితో మాట్లాడుకో. వేదిక మీద వెలుతురు చాలకపోతే స్టాండు దీపం అడిగి పెట్టించుకో, కళ్ళద్దాల నంబరు మారిందేమో ముందుగా చూపించుకో. మీ వరుసకు వెనుక ట్రంపెట్లు ఉంటాయి, చెవుల్లో పెట్టుకునేవి మరిచిపోకు. రాత్రి రిహార్సల్ అయ్యాక ఒంటరిగా రావద్దు.

నాన్నగారు ఆశీస్సులు చెప్పమన్నారు. అక్కయ్య, బావ చివరి కచేరీకి వస్తామంటున్నారు. మేమూ వస్తాము, నువ్వు వాయిస్తున్నా సరే, మా పక్కన కూర్చున్నా సరే.

నీ అమ్మ

తా.క. బాబాయి చెప్పాడని నేను రాసినట్లు అతనితో అనకు, మళ్ళీ నాకు ఏ కబురూ చెప్పడు. ఈ వారం రిహార్సల్ అయిన రాత్రి ఫోన్ చెయ్యి. వెళ్ళకపోయినా చెయ్యి.